వేసవిలో కోరంగి జలయాత్ర

వేసవి సెలవులు రాగానే చల్లని కొండలకు పోవలెనని కోరువారు మనలో పెక్కుమంది కలరు. అంత దూరము పోనక్కరలేకయే చూడదగిన వింత యొకటి మన పిఠాపురమునకు ఒక పూట ప్రయాణములో నున్నది. అది కాకినాడకు దక్షిణమున, గౌతమీ గోదావరి సాగరమును చేరు తావున పెరిగిన కోరంగి మడయడవి. 1978వ సంవత్సరమున ప్రభుత్వమువారు దీనిని వన్యప్రాణుల రక్షణస్థానముగా నేర్పరచిరి. దీని వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

పడవ యెక్కువారు ఆటుపోటుల వేళ నెరిగి యెక్కవలెను. పోటు సమయమున చెట్లు నీటిపై తేలుచున్నట్లుండును. ఆటు సమయమున బురద బయల్పడి, నేలనుండి వేలకొలది ములుకులు పైకి పొడుచుకొని వచ్చినట్లు కానవచ్చును. అవి మడచెట్ల ఊపిరివేళ్లు. ఉప్పుబురదలో గాలి చొరదు గనుక ఈ వేళ్లే పైకి వచ్చి గాలిని గ్రహించును. త్రాగిన ఉప్పును ఈ చెట్టు ఆకులగుండ వెలిగ్రక్కును. ఉప్పుపొన్నచెట్టు మరియొక వింత: దాని విత్తనము తల్లికొమ్మమీదనే మొలకెత్తి, పిదప బురదలో పడి నాటుకొనును. విద్యార్థులారా, పరీక్షార్థమైనను ఏ ఆకును నోట బెట్టకుడు. తిల్లచెట్టు పాలు కంట బడినచో చూపునకే హాని.

లకుముకిపిట్టలు, కొంగలు, గరుడపక్షులు దారిపొడుగునను కనబడును. శీతకాలమున ఉత్తరదేశములనుండి వచ్చు పక్షులలో పెక్కు వేసవికి తిరిగి పోవును. నీటికుక్కలు గుంపుగా ఈదుచు చేపలను తరుమును. చేపలను పట్టి తిను బావురుపిల్లియు ఇచట కలదు గాని, అది తరచుగా రాత్రివేళ తిరుగునది. దానిని చూపలేదని పడవవానిపై అలుగుట న్యాయము కాదు.

అడవికి తూర్పున నున్న హోప్ దీవి నిజమునకు ఒక ఇసుకదిబ్బ. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరముగా నెట్టుకొనిపోగా, సుమారు రెండు శతాబ్దులలో ఇది పెరిగినది. చలికాలము చివర తల్లితాబేళ్లు ఇచటికి వచ్చి, గుంటకు నూరేసి గ్రుడ్లవరకు పెట్టి పోవును. దాదాపు రెండు నెలలలోపల పిల్లలు వెలువడి, వెలుతురును బట్టి సముద్రమునకు పరుగిడును. తీరమున దీపములు వెలిగించినచో దారి తప్పి నశించును. పెద్దతాబేళ్లకు మరపడవల వలలే మృత్యువు. చేపల సంతానవృద్ధికై ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు సముద్రమున మరపడవల వేటను ప్రభుత్వమువారు నిలిపివేయుదురు. ఆ యరువదియొక్క దినములు తాబేళ్లకును కొంత ఊరట.

పూర్వము పెద్ద ఓడరేవైన కోరంగిని 1839వ సంవత్సరము నవంబరులో వచ్చిన గాలివాన ధ్వంసము చేసినది. అట్టి ఉప్పెనల వేగమును మడయడవి కొంత అణచును. కాకినాడ రేవునకు హోప్ దీవి అడ్డుగోడ. కాని ఆ దీవి నీడ దాటిన మన ఉప్పాడ తీరమునకు ఆ రక్షణ లేదు. ఎగువ ఆనకట్టలవలన నది తెచ్చు ఇసుక తగ్గినది. వచ్చినదానిలో కొంత దిబ్బయొద్దనే చిక్కుకొనుచున్నది. కోతకు ఇవి ముఖ్యకారణములని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున తిరుగుప్రయాణమున ఉప్పాడ మార్గమున రండని మా సలహా. ఇసుక నింపిన పెద్ద గొట్టపుసంచులతో కట్టిన గోడను సైతము అలలు చీల్చివైచినవి. బెస్తవారి యిండ్లు ఒకప్పు డెంతదూరము వరకు నుండెనో అచటి వృద్ధు నెవరినైన నడిగినచో, ఆయన నీటివైపే చేయి చూపును.