విడిభాగాల పొత్తు: తక్కువ ఖర్చులో గేమింగ్ కంప్యూటరు



హిమాయత్‌నగర్‌లో మేం ముగ్గురం అద్దెకుంటున్న గదిలో, కిటికీ పక్కన ఒక నల్లపెట్టె ఉంది. అది నేను విడిభాగాలు కొని స్వయంగా బిగించుకున్న కంప్యూటరు. బిగించడం ఒక పూట పని. కాని ఏ భాగానికి ఏ భాగం సరిపోతుందో తెలుసుకుని అది ఆటకు పనికొచ్చేదాకా ఐదు నెలలు పట్టింది. మధ్యలో మా నాయినతో ఒక అబద్ధం కూడా ఆడాను. మన సంచిక చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ అదే పొరపాటు చేయకూడదనే ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది తాండూరు దగ్గర పల్లె. కంది, పత్తి వేస్తాం. బోరు కింద కొంచెం వరి. 2025 జనవరిలో కందులు అమ్మిన డబ్బులోంచి నాయిన నాకు 25,000 రూపాయలు ఇచ్చాడు. "చదువుకు పనికొస్తదంటే కొనుక్కో బిడ్డా" అన్నాడు. చదువుకనే అడిగాను. అది నిజమే, మాకు ప్రోగ్రామింగ్ పేపరు ఉంది. ఆటలు ఆడుకోవాలన్న కోరికా అంతే నిజం. ఆ మాట మాత్రం చెప్పలేదు. ట్యూషన్లు చెప్పి నేను కూడబెట్టింది మరో 9,000.

మన నగరంలో సెల్‌ఫోన్లకు ఆబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్, వైర్లూ స్పీకర్లూ వగైరాలకు కోఠీలోని గుజరాతీ గల్లీ పేరుపడ్డాయి. కంప్యూటరు భాగాలకైతే సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోతారు. అందరూ సి.టి.సి. అంటారు. నేనూ బస్సెక్కి సికింద్రాబాదు పోయి, నాలుగు దుకాణాలు తిరిగి, ఒకచోట "అన్నా, తక్కువలో మంచి ప్రాసెసర్ ఇవ్వండి" అన్నాను. ఇచ్చారు. మదర్‌బోర్డు, ర్యాం, ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై, క్యాబినెట్, మానిటర్ అన్నీ కొన్నాను. గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు చాలలేదు. అది తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాను.

రాత్రి గదిలో బిగించి స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. రెండు రోజులు విప్పాను, బిగించాను. మూడో రోజు నాయిన ఫోను చేసి "నడుస్తుందా బిడ్డా?" అన్నాడు. "నడుస్తుంది నాయినా" అన్నాను.

అసలు సంగతి ఏమంటే, నేను కొన్న ప్రాసెసర్ ఇంటెల్ ఐ3-12100ఎఫ్. చివర ఉన్న ఆ 'ఎఫ్' అక్షరానికి అర్థం, అందులో బొమ్మ చూపించే గ్రాఫిక్స్ భాగం లేదని. వేరే కార్డు పెట్టందే తెర వెలగదు. ప్రాసెసర్ మంచిదే, బోర్డు మంచిదే. ఒక్క అక్షరం చదవక నేను తప్పు చేశాను.

వేరువేరు కంపెనీల భాగాలు ఎట్లా కలుస్తాయి?

మన నగరంలోనే 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి. అనే పేరుతో కంప్యూటర్లు తయారుచేసింది. ఆ కాలపు యంత్రాన్ని ఒక విద్యార్థి ముక్కలుగా కొని గదిలో బిగించుకునే వీలు లేదు. 1981లో ఐ.బి.ఎం. కంపెనీ బజారులో దొరికే భాగాలతోనే పర్సనల్ కంప్యూటరు తయారుచేసి, దానికి సరిపోయే కార్డులు ఇతరులు కూడా చేసేందుకు దారి విడిచింది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతలు ప్రకటించింది. బోర్డు సైజు, మరల స్థానాలు, కరెంటు ప్లగ్గు అన్నీ ఒక పద్ధతిలోకి వచ్చాయి. అందుకే ఇవాళ ఒక కంపెనీ బోర్డు ఇంకో కంపెనీ పెట్టెలో కూర్చుంటుంది. అయితే అన్నీ అన్నింటికీ సరిపోతాయని దీని అర్థం కాదు. ఈ కింది వరుసలో చూసుకోవాలి.

1. ముందు అవసరం: మీ తెర ఎంతది? ఏ ఆటలు ఆడతారు? 1920 × 1080 చుక్కల తెర, సెకనుకు 60 బొమ్మలు చాలనుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది. 60 హెర్ట్జ్ మానిటర్‌కు సెకనుకు 150 బొమ్మలిచ్చే కార్డు కొంటే, మిగతావి కంటికి కనబడవు.

2. ప్రాసెసర్, మదర్‌బోర్డు: ఈ రెంటినీ జంటగానే ఎన్నుకోవాలి. ప్రాసెసర్ కూర్చునే గూడును సాకెట్ అంటారు. ఇంటెల్ 12, 13, 14వ తరాలకు ఎల్‌జీఏ 1700 సాకెట్. ఏఎండీ రైజెన్ 5000 వరుసకు ఏఎం4, 2022లో వచ్చిన 7000 వరుసకు ఏఎం5. ఒకదానిది ఇంకోదానిలో పట్టదు. సాకెట్ ఒకటే అయినంత మాత్రాన కూడా సరిపోదు. బోర్డులోని బయాస్ అనే ప్రోగ్రాం పాతదైతే కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. ఉదాహరణకు 2018లో వచ్చిన బి450 బోర్డుకు 2020 చివరలో వచ్చిన రైజెన్ 5000 పెట్టాలంటే బయాస్ మార్చాలి. కంపెనీ వెబ్‌సైట్లో ఆ బోర్డుకు పనిచేసే ప్రాసెసర్ల పట్టిక ఉంటుంది, అది చూడనిదే కొనవద్దు.

కార్డుకు డబ్బు లేనివారు గ్రాఫిక్స్ ఇమిడి ఉన్న ప్రాసెసర్ తీసుకోవాలి. రైజెన్ 5 5600జీ అటువంటిది. చిన్నపాటి ఆటలు దానిమీదే నడుస్తాయి.

3. ర్యాం: డీడీఆర్4, డీడీఆర్5 రెంటికీ 288 కాంటాక్టులే. కాని మధ్యలోని గాటు వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే విరుగుతుంది. ఎల్‌జీఏ 1700 బోర్డులలో రెండు రకాలూ ఉన్నాయి కనుక పెట్టెమీద చదవాలి. ఏఎం5కు మాత్రం డీడీఆర్5 ఒక్కటే. 16 జీబీ ఒకే కర్ర కంటే 8 జీబీవి రెండు పెడితే రెండు దారుల్లో సమాచారం నడుస్తుంది. ఇమిడి ఉన్న గ్రాఫిక్స్ ఈ ర్యాంనే వాడుకుంటుంది కాబట్టి అక్కడ ఈ తేడా బాగా తెలుస్తుంది.

4. గ్రాఫిక్స్ కార్డు: ఆటల కంప్యూటరులో పెద్ద ఖర్చు ఇదే. ప్రాసెసర్ ఆట లెక్కలు చేసి ఇస్తే కార్డు బొమ్మ గీస్తుంది. ఒకటి మరీ బలహీనమైతే రెండోది ఖాళీగా ఎదురుచూస్తుంది. ఐ3-12100ఎఫ్‌కు 8 జీబీ మెమరీ ఉన్న ఆర్‌ఎక్స్ 6600 వంటిది ఈడు జోడు. బోర్డు మీది గాడి కార్డుకు 75 వాట్ల వరకే కరెంటు ఇస్తుంది. అంతకు మించితే పవర్ సప్లై నుంచి వేరే తీగ రావాలి.

5. పవర్ సప్లై: చాలామంది చివరికి మిగిలిన డబ్బుతో కొనే వస్తువు ఇది. అన్ని భాగాలకూ కరెంటు ఇచ్చేది ఇదే కాబట్టి ఇందులో పీనాసితనం పనికిరాదు. లెక్క తేలికే. నా ప్రాసెసర్ గరిష్ఠంగా 89 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు, మొత్తం 221. బోర్డు, ర్యాం, ఫ్యాన్లకు ఒక 50 కలిపితే సుమారు 270. పేరున్న కంపెనీ 450 వాట్లది నిశ్చింతగా సరిపోతుంది. ప్రాసెసర్‌కు పోయే 8 పిన్నుల తీగ, కార్డుకు పోయే 8 పిన్నుల తీగ చూడ్డానికి ఒకటే. కాని లోపల వైరింగ్ వేరు. మొదటిది 4+4గా, రెండోది 6+2గా విడిపోతుంది. ఒకదానిచోట ఒకటి దూర్చకూడదు. కార్డుకు కావలసిన తీగ ఉందో లేదో కొనేటప్పుడే లెక్కపెట్టుకోండి.

6. క్యాబినెట్, ఎస్‌ఎస్‌డీ: ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244 × 244. పెట్టెలో బోర్డుతోపాటు కార్డు పొడవు, కూలర్ ఎత్తు కూడా పట్టాలి. ముందుభాగం గాలి ఆడేట్టు ఉండాలి. అద్దాల సోకు తర్వాత. ఎం.2 ఎస్‌ఎస్‌డీలలో శాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలు ఉన్నాయి. చూపుకు ఒకేలాగుంటాయి. బోర్డు ఏది తీసుకుంటుందో చూసి కొనాలి.

ధరలు నేను కావాలనే రాయలేదు. 2025 చివరి నెలల్లో ర్యాం ధర ఎట్లా పెరిగిందో కొన్నవారికి తెలుసు. ధర మారుతుంది, సాకెట్ మారదు.

ఇక నా కథ. ఉగాదికి నాంపల్లి స్టేషనులో రైలెక్కి ఊరికి పోయాను. సాయంత్రం బోరు దగ్గర నాయినతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నడవడం లేదని, ఆటలకు కూడా కొన్నానని. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత పక్కచేను చూపించి, "ఆయన బోరుల నీళ్లెన్నున్నయో చూడకుండ పెద్ద మోటరు దించిండు, కాలిపోయింది. నీళ్లను బట్టి మోటరు, మోటరును బట్టి పైపు, కేబులు, స్టార్టరు. నువ్వు గూడ గదే చేసినవ్" అన్నాడు. ఆ తర్వాత అన్న మాట నేను మరువలేను. "పైసలు పోతే కంది మళ్ల పండుతది. నడువకుంటే నడువలేదని చెప్పు బిడ్డా. ఆటలంటవా, నేను గూడ సినిమాకు సైకిల్ మీద తాండూరు పోయేటోన్నే."

తిరిగి వచ్చాక ఒక సీనియర్ అన్న తన కార్డు ఒక సాయంత్రం ఇచ్చాడు. పెట్టగానే తెర వెలిగింది. మిగతా భాగాలన్నీ బాగున్నాయని తేలింది. మరో మూడు నెలలు ట్యూషన్లు చెప్పి, జూలైలో ఆర్‌ఎక్స్ 6600 ఒకటి వాడినది కొన్నాను. ఈసారి కొనేముందు పెట్టె లోపల టేపుతో కొలిచాను, పవర్ సప్లై తీగలు లెక్కపెట్టాను, అమ్మేవారి ఇంట్లోనే అరగంట ఆట నడిపించి చూశాను.

కాబట్టి మిత్రులారా, బజారుకు పోయేముందు ఒక కాగితం మీద సాకెట్, బయాస్, ర్యాం రకం, కార్డు పొడవు, వాట్లు, పిన్నులు, బోర్డు సైజు అన్నీ రాసుకోండి. ప్రతి భాగం పూర్తి పేరు చివరి అక్షరం దాకా చదవండి. జీఎస్టీ బిల్లు, దానిమీద సీరియల్ నంబరు తప్పక తీసుకోండి. వారంటీ అడిగేటప్పుడు అదే ఆధారం. వీలైతే దుకాణంలోనే తెర వెలిగించి చూపమనండి. మొహమాటపడకండి. మనలో చాలామంది చేతిలో ఉండేది ఇంట్లోవాళ్లు ఎండలో నిలబడి సంపాదించిన డబ్బు.

ఎవరైనా కొత్తగా కొనదలిస్తే జాబితా తీసుకుని నా దగ్గరికి రండి, కూర్చుని చూద్దాం. ఈ వ్యాసం వల్ల ఒక్కరి డబ్బు మిగిలినా నా శ్రమ ఫలించినట్లే.