సిద్ధచట్రముల మేలు, చిక్కు

విద్యార్థులారా, వెబ్‌సైటు కట్టుటకు జాంగో వంటి సర్వాంగసహితమైన చట్రమును చేపట్టుట సులభము. అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున నొక వార్తాపత్రిక కార్యాలయమున పుట్టి, 2005లో లోకమునకు వెల్లడియైన యీ ఫ్రేమ్‌వర్కునందు లాగిన్, డేటాబేసు పనులు, నిర్వాహకుల పుటలు సిద్ధముగనే యుండును. అయితే మనము కోరని నిర్ణయములు కొన్ని వానితోడనే వచ్చును.

మన బాలురు గ్రంథాలయమునకు సైటు కట్టిన రెండు నెలలకు, యూజర్‌నేమును తీసివేసి తల్లిదండ్రుల ఫోను సంఖ్యతోనే లాగిన్ జరుగవలెనని తలచిరి. అప్పటికే అరువిచ్చిన పుస్తకముల పట్టిక జాంగో యిచ్చిన వాడుకరుల పట్టికతో ముడివడియుండెను. తొలినాడైనచో కొద్ది పంక్తుల పని; ఇప్పుడో, ఒక్కొక్క ముడిని చేతితో విప్పవలసివచ్చెను. సొంత పట్టికతో నారంభింపుడని జాంగో కర్తలు తమ వివరణపుటలలో ముందే చెప్పియున్నారు. బాలురు చూడలేదు, నేనును చూడలేదు.

పాఠశాల వార్తలు నాలుగు పుటలే గనుక వానిని వట్టి హెచ్.టి.ఎం.ఎల్.తో వ్రాయించితిని.