సున్నా వచ్చిందంటే వాన పడనట్టేనా?

ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ల మెయింటెనెన్స్‌లో కొత్తగా చేరినవాళ్లకు మొదటి మాట: ఆగిపోయిన స్టేషన్‌ను చూసి కంగారుపడకండి. డేటా రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, మీరు వెళ్లి చూస్తారు. కొంప ముంచేది నడుస్తూనే తప్పు లెక్క పంపే స్టేషన్.

ఇలాంటి స్టేషన్లు సముద్రంలోనూ ఉంటాయి. ఇంగ్లిష్ ఛానల్‌లో శాండెటీ అనే లైట్‌షిప్ ఉంది. అందులో మనుషులుండరు. లంగరు మీద నిలబడి ఓడలకు దీపం చూపిస్తూ, గాలి, ఉష్ణోగ్రతల వివరాలు పంపుతుంటుంది. బంగాళాఖాతంలో ఈ వాతావరణ వివరాల పని చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ వేసిన బోయాలు చేస్తాయి. ఆ డేటా హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు వస్తుంది. వాటి రిపేరుకు ఓడ వేసుకొని పోవాలి. అదే నేల మీదున్న చొప్పదండి స్టేషన్‌కు కరీంనగర్ నుంచి బైక్ చాలు. దగ్గరే కదా, రేపు చూద్దాంలే అనుకోవడంతోనే పని చెడుతుంది.

తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీకి రాష్ట్రమంతా ఇలాంటి స్టేషన్లు వెయ్యికి పైగా ఉన్నాయి. 2023 జులై 27 ఉదయం 8:30తో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. వాన నమోదైంది. అలాంటి రాత్రి ఎవరూ గేజీ దగ్గర నిలబడి కొలవలేరు. అంకె నిలబడాలంటే పరికరం అంతకుముందే బాగుండాలి.

ఒక కేసు అనుకుందాం. జులై ముసురులో చుట్టుపక్కల గంగాధరలో 52, రామడుగులో 47 మి.మీ. పడితే చొప్పదండిలో 0 చూపించింది. బ్యాటరీ ఫుల్, సిగ్నల్ ఫుల్. ఏప్రిల్ గాలివానైతే ఊరికో తీరు కురుస్తుంది కాబట్టి నమ్మొచ్చు. ముసురుకు ఇంత తేడా రాదు. వెళ్లి గరాటు మూత తీయండి. ఆకులో, పిట్టల రెట్టో, కందిరీగ గూడో దొరుకుతుంది. సగమే మూసుకుపోతే ఇంకో గుర్తు ఉంటుంది: వాన వెలిసి గంటలైనా గ్రాఫ్‌లో కొద్దికొద్దిగా, ఒకే తీరుగా టిప్పులు (గేజీలోని చిన్న బకెట్ నిండి ఒరిగిన లెక్కలు) పడుతూనే ఉంటాయి. వాన అంత క్రమశిక్షణగా కురవదు, అది గరాటులో నిలిచిన నీళ్లు కారడం.

శుభ్రం చేశాక నీళ్లు పోసి చూడాలి. గరాటు వ్యాసం 20 సెం.మీ. అయితే 314 మి.లీ. నీళ్లు 10 మి.మీ. వానతో సమానం. టిప్పుకు 0.5 మి.మీ. రకమైతే దాదాపు 20 టిప్పులు రావాలి. సైజులు వేరుగా ఉంటాయి, లేబుల్ చూసి లెక్క కట్టండి. నీళ్లు సన్నటి ధారగా పోయండి. గుమ్మరిస్తే బకెట్ తిరిగేలోపే కొన్ని జారిపోయి లెక్క తగ్గుతుంది. అన్నిటికన్నా ముందు కంట్రోల్ రూమ్‌కు చెప్పి డేటా లాగర్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టించండి. మరిచిపోతే ఎండ కాస్తున్న ఊరికి 10 మి.మీ. వాన రికార్డవుతుంది, దాన్ని తీయించడానికి నానా తంటాలు పడాలి.

వరికోతల కాలంలో సోలార్ ప్యానెల్ మీద దుమ్ము పేరుకుంటుంది. పగలు వోల్టేజీ బాగానే ఉండి తెల్లవారుజామున డేటా తెగుతుంటే సిమ్ మార్చే ముందు ప్యానెల్ తుడవండి, బ్యాటరీ చూడండి.

“నిన్న రాత్రి పడ్డ వాన ఈరోజు లెక్కలో ఎందుకుంది?” అని రైతులు అడుగుతారు. వాన లెక్కలో రోజు ఉదయం 8:30కు మారుతుందని ఓపిగ్గా చెప్పండి. ఎవరు ఫోన్ చేసినా నోటి లెక్క మాత్రం ఇవ్వొద్దు.

అప్‌టైమ్ టార్గెట్ కోసం ఖాళీ గంటల్లో సున్నా వేసేయమని పైనుంచి ఒత్తిడి రావచ్చు. సున్నా అంటే వాన లేదని, ఖాళీ అంటే కొలవలేదని. పంట నష్టం విచారణకు వచ్చినప్పుడు ఆ సున్నా కింద ఉండేది మీ సంతకమే. గొడవ పెట్టుకోనక్కర్లేదు. ఏ గంట నుంచి ఏ గంట దాకా డేటా లేదో, కారణమేమిటో మెయిల్‌లో రాసి, మూత తీయకముందు, తీశాక తీసిన ఫొటోలు జతచేసి పంపండి. కాపీ మీ దగ్గర ఉంచుకోండి.