అచ్చైనదెల్ల సత్యమా?

ఒకప్పుడు మా బిడ్డకు జ్వరము రాగా, ఇంటనున్న యొక వైద్యపుస్తకమును నమ్మి, రెండు దినములు వైద్యుని పిలువకయుంటిమి. దైవకృపచే బిడ్డ బ్రదికెను. అచ్చైనదెల్ల సత్యము కాదని మేమప్పుడు నేర్చుకొంటిమి.

చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో 1880లో జన్మించిన రామలింగారెడ్డిగారు, 1914లో వెలువడిన తమ ‘కవిత్వతత్త్వ విచారము’నందు ప్రాచీనకవులను పేరుచూచి పొగడక, గుణదోషములను కారణములతో విచారించిరి. కావ్యములకే యంత పరీక్ష కావలసినచో, వైద్యమును, చరిత్రను, నడవడిని బోధించు గ్రంథముల కెంత కావలెను!

కావున నాలుగు ప్రశ్న లడుగుడు: గ్రంథకర్త దీని నెట్లెరుగును? నిదర్శనమేమి? వేరొక గ్రంథమేమనుచున్నది? చదివినపిమ్మట మనయందు మంచి మార్పేమైన కలిగెనా? ముందుగా మా యీ వ్యాసమునే పరీక్షింపుడు.