పెట్టె విప్పని ప్రయాణం

విశాఖపట్నం నౌకాశ్రయం 1933లో ప్రారంభమైంది. ఆనాడు ఓడలోని సరకును కళాసీలు బస్తాలుగా మోసి దించేవారు. దానిని బండ్లకెత్తి, రైలు వాగన్లలో మళ్ళీ సర్దేవారు. వాహనం మారిన ప్రతిచోటా సరకును మరల ఎత్తి దింపవలసిందే. 2003లో ఇక్కడ కంటైనర్ల కోసం ప్రత్యేక టెర్మినల్ పని ప్రారంభించింది. కంటైనర్ అనగా సాధారణంగా ఇరవై లేదా నలభై అడుగుల పొడవుగల ఉక్కు పెట్టె. దాని ఎనిమిది మూలలలోను నిర్ణీత ప్రమాణంలో రంధ్రాలుంటాయి. క్రేను గాని, లారీ గాని, రైలు గాని ఆ మూలలనే పట్టుకొంటాయి. లోపల రొయ్యలున్నాయో, యంత్రభాగాలున్నాయో వాటికి అనవసరం. ఓడ దిగి రైలెక్కిన సంగతి సరకుకూ తెలియదు.

కంప్యూటర్లకూ ఒకప్పుడు ఇదే చిక్కు ఎదురైంది. రెండు కంప్యూటర్లు సందేశాలను ఇచ్చిపుచ్చుకొనడానికి పాటించే నియమావళిని ప్రోటోకాల్ అంటారు. 1980 దశకంలో ఐబీఎం, డిజిటల్, నోవెల్, ఆపిల్ సంస్థలు ఎవరి ప్రోటోకాల్ వారే నిర్మించుకొన్నాయి. ఒకదానికై రాసిన సాఫ్ట్‌వేర్ మరొకదానిపై నడిచేది కాదు. 1983లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన యూనిక్స్‌లో ‘సాకెట్’ అనే ఏర్పాటును ప్రవేశపెట్టింది. తెరువు, పంపు, అందుకో, మూయి అన్న కొద్దిపాటి ఆజ్ఞలతో సాఫ్ట్‌వేర్ పని ముగుస్తుంది. క్రింద ఏ ప్రోటోకాల్ ఉన్నదో చూచుకొనే భారం చాలావరకు ఆపరేటింగ్ సిస్టమ్‌దే.

తిరగరాయడం కేవలం శ్రమ అనుకోరాదు. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారంలో మూడు బ్లాస్ట్ ఫర్నేస్‌లున్నాయి. వాటికి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ఎంత చక్కని పేర్లు! ఇటువంటి కొలుములు రేయింబవళ్ళు మండవలసినవి. ఉక్కు పరిశ్రమలో వేడిమిని, పీడనాన్ని కొలిచే పరికరాలు వేర్వేరు సంస్థలవి, వాటి ప్రోటోకాల్‌లూ వేర్వేరే. పరికరం మారినప్పుడల్లా నియంత్రణ సాఫ్ట్‌వేర్‌ను మార్చి, మళ్ళీ పరీక్షించడం నిప్పుతో చెలగాటమే. 1996లో వెలువడిన ఓపీసీ ప్రమాణం ఈ రెంటి నడుమ ఒక దుబాసీని నిలిపింది. పరికరం మారితే దుబాసీని మారిస్తే చాలు.

అయితే సాకెట్ కూర్పులో ఒక లోపమున్నది. చిరునామా రూపాన్ని అది సాఫ్ట్‌వేర్‌కు కనబడనిచ్చింది. ఫలితంగా అనేకులు ఇంటర్నెట్ చిరునామాకు 32 బిట్ల చోటే కేటాయించి ఊరుకొన్నారు. అటువంటి చిరునామాలు సుమారు 430 కోట్లు మాత్రమే. వాటి కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న అడుగంటింది. కొత్తదైన ఐపీవీ6 చిరునామాకు 128 బిట్లు కావాలి. పేరు మాత్రమే చెప్పి, చిరునామా వెదికే పనిని సిస్టమ్‌కు వదలిన సాఫ్ట్‌వేర్‌లు నిలిచాయి. తక్కినవి చిక్కుల్లో పడ్డాయి.

వాటికోసం 2013లో మరొక ఉపాయం ప్రచురితమైంది. ఐపీవీ6 మాత్రమే ఉన్న మొబైల్ నెట్‌వర్క్‌లో, పాత సాఫ్ట్‌వేర్‌కు ఫోనే ఒక పాత తరహా చిరునామాను చూపిస్తుంది. బయటికి పోయే సందేశాన్ని కొత్త రూపంలోకి మారుస్తుంది. వ్యాకరణంలోని స్థానివద్భావం తెలిసినవారికి ఇది వింత కాదు. ఆదేశంగా వచ్చిన వర్ణానికి స్థాని ధర్మమే సంక్రమించినట్లు, కొత్త మార్గం పాతదానివలె ప్రవర్తిస్తుంది. విద్యార్థుల చేతుల్లోని ఫోన్లలో అనేకం ఈ పనిని నిశ్శబ్దంగా చేస్తూనే ఉన్నాయి.

దీనికీ ఒక హద్దున్నది. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు తమ చిరునామాను సందేశం లోపలే రాసి పంపుతాయి. ఆ సందేశం సంకేతలిపిలో ఉంటే అనువదించే యంత్రం పెట్టెను విప్పి చూడలేదు. అవతలివారు చెల్లని చిరునామాకు బదులు పంపుతారు. అటువంటి సాఫ్ట్‌వేర్‌ను మాత్రం తిరగరాయక తప్పదు.