ఒక మాటకు రెండు వ్యతిరేకపదములు

పఠనము: 2 కొరింథీయులకు 4:6-18



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చెను. బిడ్డ చేతిలో ఇంగ్లీషు నోటుపుస్తకము ఉండెను. "లైట్" అను మాటకు వ్యతిరేకపదము వ్రాయుమనగా ఆ బిడ్డ "హెవీ" అని వ్రాసెను. దానిమీద ఎర్రసిరాతో తప్పు గుర్తు పడెను. "డార్క్" అని వ్రాయవలెనట. "అయ్యగారూ, నా బిడ్డ తప్పు రాసిందా? నాకు చదువు రాదు, నేనేం చెప్పేది?" అని తల్లి అడిగెను. బిడ్డ తల వంచుకొని నిలిచియుండెను.

బిడ్డ తప్పు వ్రాయలేదు. ఆ ప్రశ్నకు రెండు జవాబులు గలవు.

2022-23 విద్యాసంవత్సరము నుండి మన రాష్ట్రపు ప్రభుత్వ బడులలో 1 మొదలు 8వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడెను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో ఇట్టి ప్రశ్న అనేక గృహములకు వచ్చుచుండును. గనుక ఈ నెల ఈ ఒక్క మాటను నేర్చుకొందము.

మొదటి అర్థము వెలుగు. గద్వాలకు సమీపమున కృష్ణానదిపై జూరాల ప్రాజెక్టు గలదు. అక్కడ 39 మెగావాట్ల యంత్రములు ఆరు, అనగా మొత్తము 234 మెగావాట్ల విద్యుత్తు పుట్టించు కేంద్రమున్నది. ఆ విద్యుత్తుతో వెలుగు దీపము "లైట్". దీని వ్యతిరేకపదము "డార్క్‌నెస్", అనగా చీకటి. గది వెలుగుగానున్నదని చెప్పినప్పుడు దానికి ఎదురు "డార్క్".

రెండవ అర్థము తేలిక. గద్వాల చీరను చూడుడి. ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. మడిచినయెడల అగ్గిపెట్టెలో పట్టునని పేరుపొందినంత తేలిక. అదియు "లైట్". దీని వ్యతిరేకపదము "హెవీ". వనపర్తి మార్కెట్టుకు పోవు పల్లికాయ బస్తా "హెవీ".

మరి రెండు ప్రయోగములు. లేత ఆకుపచ్చ "లైట్" గ్రీన్, ముదురు ఆకుపచ్చ "డార్క్" గ్రీన్. తుంపర పడినచో "లైట్" రెయిన్, పెద్దవాన కురిసినచో "హెవీ" రెయిన్.

ఈ రెండు మాటలు పుట్టుకలో వేరు. కాలక్రమమున ఉచ్చారణ, వ్రాత ఒక్కటైనవి. తేలిక అను అర్థముగల "లైట్" మన "లఘు" శబ్దమునకు దూరపు చుట్టము. ఛందస్సు చదివిన పెద్ద బిడ్డలకు లఘువునకు ఎదురు గురువని తెలియును. అదే తేలిక, బరువు.

ఇప్పుడు మన పఠనభాగము చూడుడి. పాత ఇంగ్లీషు బైబిలులో 6వ వచనమున "లైట్" అని యున్నది. అక్కడ దానికెదురు చీకటి. 17వ వచనమున మరల "లైట్" అని యున్నది. అక్కడ దానికెదురు మహిమయొక్క భారము. ఒకే అధ్యాయము, ఒకే మాట, రెండు వ్యతిరేకములు! పౌలు వ్రాసిన గ్రీకులో ఇవి రెండు వేర్వేరు మాటలు. మన తెలుగు బైబిలులోను ఒకచోట వెలుగు, మరియొకచోట చులకన అను మాట గలదు. ఇక్కడ ఇంగ్లీషు చదువరి ఆగి ఆలోచింపవలెను; తెలుగు విన్నవారికి సందేహమే లేదు.

అయితే జాగ్రత్త. పౌలు నొప్పి ఎరుగక తన శ్రమను చులకన అనలేదు. తక్కెడలో రెండవ తట్టను మహిమ పెట్టి తూచెను. మహిమకు హెబ్రీ మాటయైన "కాబోద్" బరువను అర్థముగల ధాతువునుండి వచ్చినది. పాలమూరు కూలీలుగా ఊరూర మట్టి మోసిన పెద్దలు మనలో నున్నారు. వారితో "మీ కష్టము తేలికే" అనుటకు మనకు హక్కు లేదు. బరువు మోసినవాడే ఆ మాట అనవలెను.

ఆ తల్లిని మేమడిగితిమి: "అమ్మా, వెలుగుకు ఎదురేమి?" "చీకటి." "తేలికకు?" "బరువు." వెంటనే చెప్పెను. "నీకు ఇంగ్లీషు రాకపోయినను ఈ పాఠము నీవే చెప్పితివి" అంటిమి. బిడ్డ తలయెత్తి తల్లిని చూచెను.

తల్లిదండ్రులారా, బిడ్డ వ్యతిరేకపదము అడిగినప్పుడు ముందుగా ఆ మాటను ఒక వాక్యములో పెట్టించుడి. దాని భావము తెలుగులో చెప్పించుడి. తెలుగులో ఎదురుమాట మీరు చెప్పుడి. పిమ్మట ఇంగ్లీషు మాటను బిడ్డ వెదకును. ఉపాధ్యాయునితో జగడమాడవద్దు. రెండు వాక్యములు వ్రాసి, మర్యాదగా చూపుమని బిడ్డకు చెప్పుడి. మార్కు వచ్చినను రాకున్నను బిడ్డ ఆలోచనను మాత్రము చులకన చేయకుడి.

ఇంటిలో అభ్యాసము:
1. "రైట్" అను మాటకు రెండు వ్యతిరేకపదములు చెప్పుడి. (కుడికి ఎదురొకటి, ఒప్పుకు ఎదురొకటి.)
2. "ఓల్డ్" అనునది మనిషికి చెప్పినప్పుడు ఎదురేమి? చీరకు చెప్పినప్పుడు ఎదురేమి?
3. మత్తయి 11:30, యోహాను 8:12 చదివి, ఎక్కడ తేలికయో, ఎక్కడ వెలుగో గుర్తించుడి.