గురకను చదివే కొలువు

మా ఇంట్లో నాయన నిద్రకు మర్యాద ఎక్కువ. సిమెంటు లారీ తోలి తోలి ఏ తెల్లవారుజామునో కమలాపురం చేరి మంచమెక్కితే, ‘మీ నాయన గుర్రు పెట్టి నిద్రపోతాండాడు, సప్పుడు చేయాకండి’ అని అమ్మ మమ్మల్ని వాకిట్లోకి తరిమేది. గురక ఎంత గట్టిగా వస్తే నిద్ర అంత సుఖంగా పట్టినట్టని మా నమ్మకం. ఆ గురక మధ్యలో ఠక్కున ఆగేది. నేను వాకిట్లో కూర్చుని లెక్కపెట్టేవాణ్ని. పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై దాకా పోయేది. అప్పుడు ఉలిక్కిపడ్డట్టు పెద్ద శబ్దంతో ఊపిరి మళ్లీ అందుకునేది. ఆ ఆగడానికి ఒక పేరుందనీ, దాన్ని లెక్కపెట్టడమే నాకు బతుకుదెరువు అవుతుందనీ అప్పట్లో తెలీదు.

ఆ పేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతుంది. ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగితే అది ఒక ఆప్నియా. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు కంగారుపడి మనిషిని క్షణం పాటు లేపుతుంది, మళ్లీ నిద్ర. తెల్లారి ఆ మనిషికి ఏదీ గుర్తుండదు. పగలంతా తూగుతాడు, బీపీ మందులకు లొంగదు. స్టీరింగు ముందు కూర్చునే మనిషైతే ప్రమాదం అతనొక్కడితో పోదు.

ఈ వ్యాసం బైపీసీ చదివి ఎంబీబీఎస్ సీటు రాక ఇంకేం చేయాలా అని చూస్తున్న పిల్లల కోసం. అంతకంటే ఎక్కువగా, ఇప్పటికే ఆసుపత్రుల్లో టెక్నీషియన్లుగా, నర్సులుగా, డాక్టర్లుగా పనిచేస్తున్నవాళ్ల కోసం. నిద్ర వైద్యంలోకి అడుగుపెట్టడం ఒక ఎత్తు, అందులో చదువు ఆపకుండా ఉండడం ఇంకో ఎత్తు. నాకు తెలిసిందంతా రెండోదాని గురించే.

ముందు పని ఎట్లా ఉంటుందో చూడండి. పేషెంటు రాత్రి ఎనిమిది, తొమ్మిదికి వస్తాడు. మనవైపు వాళ్లయితే తలకు నూనె పట్టించుకునే వస్తారు. ఆ నూనె మీద ఎలక్ట్రోడ్ నిలవదు. అందుకే ముందురోజు ఫోన్‌లోనే ‘తలకు పోసుకుని రాండి, నూనె పెట్టొద్దండి’ అని చెప్పడం నేర్చుకున్నాను. టేపుతో తల కొలిచి, గుర్తులు పెట్టి, చర్మం మీద జిడ్డు రుద్ది తీసి, పేస్టుతో ఎలక్ట్రోడ్లు అంటిస్తాం. నుదుటి మీద, నడినెత్తిన, వెనక, చెవుల వెనక, కండ్ల పక్కన, గడ్డం కింద, పిక్కల మీద. ముక్కు దగ్గర గాలిని కొలిచే గొట్టం, ఛాతీకి, పొట్టకు పట్టీలు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. అయ్యేసరికి ముప్పావుగంట.

తర్వాత దీపం ఆర్పే ముందు ఒక పరీక్ష. పక్క గదిలో మైకు ముందు కూర్చుని చెప్పాలి: ‘అన్నా, తల కదపాకుండా కండ్లు మాత్రం పైకి చూడు... కిందికి... అయిదుసార్లు రెప్పలు కొట్టు... పండ్లు గట్టిగా కరుచుకో... ఎడమ కాలి వేళ్లు ఆడించు.’ ఒక్కో మాటకు తెరమీద ఒక్కో గీత స్పందించాలి. ఏ గీత కదలకపోయినా లేచి వెళ్లి సరిచేయాలి. నేను పరాయి రాష్ట్రంలో పనిచేసిన రోజుల్లో, మైకులో ఇంగ్లీషు ముక్క వినబడితే మన కడప, కర్నూలు పేషెంట్లు ఏం అర్థం కాకపోయినా తలాడించేవాళ్లు. తల ఆడిస్తే గీతలన్నీ చెదిరిపోతాయి. తెలుగు రావడం, అందులోనూ మన సీమ తెలుగు రావడం, ఈ కొలువులో సర్టిఫికెట్‌తో సమానమైన అర్హత అని నేను గట్టిగా నమ్ముతాను.

పేషెంటు నిద్రపోయాక మన చదువు మొదలు. రికార్డింగును 30 సెకన్ల ముక్కలుగా విడగొడతాం. దాన్ని ఎపాక్ అంటారు. 8 గంటల రికార్డింగుకు 960 ఎపాక్‌లు. ఒక్కోదానికి నిద్ర దశ రాయాలి, ఊపిరి ఆగిన చోట్లు, తగ్గిన చోట్లు గుర్తుపెట్టాలి. దీన్నే స్కోరింగ్ అంటాం. డాక్టరు చేతికి పోయే రిపోర్టుకు మూలం ఇదే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. 2013లో నేనొక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఎర్రగుంట్ల వైపు నుంచి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. ‘సారూ, నాకు నిద్రకేం తక్కువ లేదు, పగులే తూగొస్తాంది’ అన్నాడు. రాత్రంతా రికార్డు చేసి నేనే స్కోర్ చేశాను. 7 గంటల నిద్రలో 28 ఘటనలు, అంటే గంటకు 4. అయిదు లోపు ఉంటే నార్మల్. ఏమీ లేదని పంపించేశాం.

కొన్ని నెలలకు మా డాక్టరుగారు ఒక కాన్ఫరెన్సుకు వెళ్లొచ్చి, ‘మనం ఊపిరి తగ్గడాన్ని ఏ లెక్కన తీస్తున్నాం?’ అని అడిగారు. గాలి 30 శాతం తగ్గి, ఆక్సిజన్ 4 శాతం పడితేనే లెక్కలోకి తీసుకుంటున్నాను. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2012లోనే నియమం మార్చింది. ఆక్సిజన్ 3 శాతం పడినా, లేదా పేషెంటు క్షణం పాటు మేలుకున్నా లెక్కించాలనేది కొత్త సిఫారసు. పాత లెక్కను కూడా వాడుకోనిచ్చారు కానీ, రెండు లెక్కలున్నాయన్న సంగతే నాకు తెలీదు. పాత ఫైళ్లు తీసి మళ్లీ స్కోర్ చేశాం. ఆ డ్రైవరుకు 28 కాదు, 91 వచ్చాయి. గంటకు 13. అదే రాత్రి, అవే గీతలు. చదివిన కన్ను మాత్రం పాతది.

ఫోన్ చేసి పిలిపించాం. ఈసారి ముక్కుకు మాస్కు పెట్టి, గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రం పెట్టాం. 4 సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో మొదలుపెట్టి, అయిదు నిమిషాలకు తక్కువ కాకుండా ఆగుతూ, ఒక్కో సెంటీమీటరు పెంచుకుంటూ పోయాను. రాత్రి రెండు దాటాక 9 దగ్గర గురక ఆగింది. గాలి గీత అప్పటిదాకా నొక్కేసినట్టు బల్లపరుపుగా ఉన్నది, గుండ్రటి అల మాదిరి తిరిగింది. పొద్దున మాస్కు తీస్తుంటే అతను చెప్పిందొకటే, ‘రాత్రి లెయ్యనే లేదు సారూ’. ఆ మధ్యనున్న నెలల్లో అతను ఆ లారీ తోలుతూనే ఉన్నాడు. ఏమీ కాలేదు. కాకపోవడం అతని అదృష్టం, నా పనితనం కాదు.

ఈ రంగంలో ఇట్లాంటి మార్పులు కొత్త కాదు. నిద్రలో కండ్లు వేగంగా కదిలే దశ ఒకటుందని చికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ 1953లో ప్రకటించారు. 1968లో రెక్ట్‌షాఫెన్, కేల్స్ రాసిన స్కోరింగ్ నిబంధనలే దాదాపు నలభై ఏళ్లు నడిచాయి. నేను పని నేర్చుకున్నప్పుడు గాఢనిద్రకు మూడు, నాలుగు అని రెండు దశలుండేవి. అమెరికన్ అకాడమీ 2007 మాన్యువల్‌లో రెండూ కలిసి ఎన్3 అయ్యాయి, నుదుటి ఎలక్ట్రోడ్లు కొత్తగా చేరాయి. యంత్రాలదీ అదే కథ. సిడ్నీలో కోలిన్ సల్లివాన్ వాక్యూమ్ క్లీనరు మోటారుతో చేసిన సీప్యాప్ ఫలితాలు బయటికొచ్చింది 1981లో. 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ లోపలి ఫోమ్ చెడిపోతోందని లక్షల యంత్రాలను వెనక్కి పిలిచింది. ఆ వార్త తెలియని టెక్నీషియన్ దగ్గర పేషెంటు ఏం అడుగుతాడు, ఏం తెలుసుకుంటాడు?

ఇక దారి. స్లీప్ టెక్నాలజీ అని నేరుగా పేరున్న కోర్సు కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు. మన దేశంలో ఎక్కువమంది రెస్పిరేటరీ థెరపీ నుంచో, న్యూరోఫిజియాలజీ నుంచో ఇటు వస్తారు. కమలాపురం పిల్లలకు వేలూరు పరాయి ఊరేం కాదు, పెద్ద జబ్బొస్తే మనవాళ్లు రైలెక్కేది అటే. అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో రెస్పిరేటరీ థెరపీ డిగ్రీ ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో క్లినికల్ న్యూరోఫిజియాలజీ టెక్నాలజీ డిప్లొమా, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో న్యూరో టెక్నాలజీ డిప్లొమా ఉన్నాయి. తిరుపతి స్విమ్స్ పారామెడికల్ డిగ్రీలు ఇస్తుంది. ఏ కాలేజీలో చేరినా అది ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమో, సొంత ఆసుపత్రి ఉందో లేదో వెళ్లి కళ్లారా చూసుకోండి. ఆసుపత్రి లేని కాలేజీలో ఫీజు కట్టి ఏడ్చినవాళ్లను చాలామందిని చూశాను.

2021లో కేంద్రం తెచ్చిన అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం జాబితాలో స్లీప్ ల్యాబ్ టెక్నాలజిస్ట్ అన్న మాట ఉంది. ఈఈజీ, న్యూరో ల్యాబ్ వాళ్ల సరసనే. అలైడ్ హెల్త్ వృత్తికి డిప్లొమా అయినా డిగ్రీ అయినా కనీసం 2,000 గంటలు, హెల్త్‌కేర్ వృత్తి డిగ్రీకి 3,600 గంటల చదువు ఉండాలని ఆ చట్టం చెప్తుంది. ఆరునెలల సర్టిఫికెట్ అమ్మేవాళ్లు మీ ఊరికొస్తే ఈ రెండు అంకెలు అడగండి.

ఉద్యోగంలో చేరాక అసలు చదువు. ఇండియన్ సొసైటీ ఫర్ స్లీప్ రిసెర్చ్ డాక్టర్లకూ టెక్నాలజిస్టులకూ నేషనల్ స్లీప్ మెడిసిన్ కోర్సు నడుపుతుంది. ఇండియన్ స్లీప్ డిజార్డర్స్ అసోసియేషన్ స్లీప్‌కాన్ పేరుతో సమావేశాలు పెడుతుంది. స్లీప్ టెక్నాలజిస్టులకు ప్రపంచమంతా గుర్తించే పరీక్ష ఆర్‌పీఎస్‌జీటీ. అది పాసైనా అయిపోదు. అయిదేళ్లలో 50 క్రెడిట్లు సంపాదించి పునరుద్ధరించుకోవాలి, లేదంటే మళ్లీ పరీక్ష రాయాలి. మొదట్లో నాకిది దండగ ఖర్చులా తోచింది. ఆ డ్రైవరు ఫైలు తెరిచిన రోజు నుంచి తోచలేదు. విదేశీ ల్యాబ్‌ల రికార్డింగులను ఇక్కడ కూర్చుని స్కోర్ చేసే ఉద్యోగాలకు కూడా ఈ పరీక్షే తాళంచెవి.

స్కోరింగ్ ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేసేస్తోంది కదా అంటారు. చేస్తోంది. కానీ గొట్టం జారిపోతే గాలి ఆగిందని రాసేదీ అదే. దాని తప్పు పట్టుకోగలిగినవాడికే ఇకపై ఉద్యోగం. అందుకే సాఫ్ట్‌వేర్ వేసిన స్కోరు చూడకుండా, వారానికి ఒక్క ఫైలైనా చేత్తో స్కోర్ చేసి, తర్వాత రెండూ పోల్చుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు.

డాక్టర్లకు రెండు మాటలు. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం అయిదేళ్లలో 30 గంటల నిరంతర వైద్య విద్య (సీఎంఈ) ఎట్లాగూ కావాలి. అందులో నాలుగు గంటలు నిద్రకు ఇవ్వండి. చుట్టూ చూడండి: ఎర్రగుంట్ల, చిలంకూరు సిమెంటు ఫ్యాక్టరీలు, ఆర్‌టీపీపీ థర్మల్ కేంద్రం, మూడు షిఫ్టుల మనుషులు, రాత్రంతా నడిచే లారీలు. మూడు రకాల మాత్రలు వేసినా బీపీ దిగని మనిషి మీ ఓపీలో ఉంటే, గురక సంగతి అతన్ని కాదు, అతని భార్యను అడగండి. టేపు తీసి మెడ కొలవండి. టొరంటోలో తయారైన స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళిలో 40 సెంటీమీటర్లు దాటిన మెడ ఒక గుర్తు. పగటి తూగును కొలిచే ఎప్‌వర్త్ ప్రశ్నలు ఎనిమిదే, 24 మార్కులకు 10 దాటితే అనుమానించాలి. కానీ అందులో ‘పుస్తకం చదువుతున్నప్పుడు’, ‘ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు’ అని ఉంటాయి. పుస్తకం పట్టని, కారెక్కని మనిషి సున్నా చెప్పి వెళ్లిపోతాడు. ప్రొద్దుటూరు బస్సులో సీటు దొరికితే కునుకు పడుతుందా అని విడమర్చి అడిగే నర్సు ఉంటే ఆ సున్నా నిలవదు. పల్లె క్లినిక్కుల్లో బీపీ, షుగరు చూసే ఆడబిడ్డలకు ఇట్లా అడగడంలో అరగంట శిక్షణ ఇప్పించగలిగింది మీరే.

పిల్లల దగ్గరికే మళ్లీ వస్తాను. జీతం మొదట్లో తక్కువ. రాత్రి డ్యూటీ మీ నిద్రనే తింటుంది. పగలు గది చీకటి చేసుకుని, ఫోన్ పక్కన పెట్టి, ఇంట్లోవాళ్లకు చెప్పి పడుకోవడం ఉద్యోగంలో భాగమే అనుకోండి. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు జీతం అడిగే ముందు మూడు సంగతులు అడగండి: ఇక్కడ ఊపిరి తగ్గడాన్ని 3 శాతంతో లెక్కిస్తారా, 4 తోనా? నా స్కోరింగును ఎవరు, ఎన్నాళ్లకోసారి సరిచూస్తారు? ఏడాదికి ఒక వర్క్‌షాపుకు సెలవిస్తారా? మొదటి ప్రశ్నకు ఎదుటివాళ్లు ముఖముఖాలు చూసుకుంటే, వెయ్యి రూపాయలు ఎక్కువిస్తామన్నా అక్కడ చేరొద్దు.